కాళ్ల మిషన్ మీద తొమ్మిదో బిళ్ళ

జిమ్ముకు వచ్చే మనిషి అబద్ధం చెప్పవచ్చు, గోడ మీద అద్దం అబద్ధం చెప్పవచ్చు, రాసిపెట్టిన కార్డు మాత్రం చెప్పదు అని నేను ఇరవై ఏళ్లకు పైగా వాదించాను. వాదించడం నాకు కొత్త కాదు. కడపలో చదువుకునే రోజుల్లో నా ఆదివారాలన్నీ హేతువాద సభల్లోనే గడిచాయి. దేవుడున్నాడా అన్న దగ్గర మొదలుపెట్టి, హోటల్లో టీ ఎవరికి ఏ గ్లాసులో పోస్తున్నారన్న దాకా మేము వదిలిన విషయం లేదు. ఆ సభల్లో నేర్చుకున్న ఒకే ఒక ప్రశ్నను నా ఉద్యోగంలోకి తెచ్చుకున్నాను. నీకెలా తెలుసు?

కర్నూలులో జిమ్ము కోచ్‌గా చేరిన మొదటి వారమే ఆ ప్రశ్న వేయాల్సి వచ్చింది. ఛాతీ మిషన్ మీద కూర్చున్న ఒకాయన, "పోయిన నెలకన్నా బలమొచ్చినాది సార్" అన్నాడు. నీకెలా తెలుసు అన్నాను. "ఒంట్లో తెలుస్తాది గద సార్" అన్నాడు. ఒంట్లో తెలిసేదాన్ని నేను నమ్మను. జ్వరమొచ్చినవాడికి చలి వేస్తుంది, అంతమాత్రాన బయట చలి ఉన్నట్టా? మర్నాడే ప్రెస్సుకు పోయి అట్టకార్డులు అచ్చు వేయించాను.

ఆ కార్డు సంగతి కొంచెం చెప్పాలి. మనిషికొక కార్డు. అందులో మిషన్ పేరు, సీటు ఎన్నో రంధ్రంలో పెట్టుకోవాలి, పిన్ను ఎన్నో బిళ్ళకు గుచ్చారు, ఎన్నిసార్లు ఎత్తారు. ఇంతే. ఈ మిషన్లలో ఇనుప బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, ప్రతి బిళ్ళ మీద ఒక అంకె ఉంటుంది. ఆరో బిళ్ళకు పిన్ను గుచ్చితే పైనుంచి ఆరో బిళ్ళ దాకా లేస్తాయి, మిగిలినవి కిందే ఉంటాయి. ఊపు లేకుండా పదిసార్లు ఎత్తగలిగితే ఒక బిళ్ళ పెంచాలి. ఎత్తలేకపోతే పెంచకూడదు. ఈ నియమానికి నేనెవరికీ మినహాయింపు ఇవ్వలేదు. పలుకుబడి ఉన్నవాళ్ల బామ్మర్దులు కూడా నా దగ్గర అయిదో బిళ్ళ మీద నెలల తరబడి కూర్చున్నారు.

ఇప్పుడు ఈ పనంతా మీకు ఫోను చేసిపెడుతోంది. చేతికి పట్టీ కట్టుకుంటే నాడి కొట్టుకోవడం కూడా రాసిపెడుతుంది. ముసలివాళ్లలాగా నేను దాన్ని వెక్కిరించను. నేను కుర్రవాణ్నయి ఉంటే నేనూ అదే కట్టుకునేవాణ్ని. అయితే ఫోనైనా అట్టకార్డైనా మనం చెప్పిందే రాసుకుంటుంది. మనం చెప్పేది నిజమా అని అది అడగదు. ఆ అడగాల్సిన మనిషి ఒకసారి అడగకుండా ఊరుకున్నాడు. ఆ మనిషిని నేనే.

మా జిమ్ము ఒక ఇనుము, సిమెంటు దుకాణం మీది అంతస్తులో ఉండేది. రెండూ ఒకే శెట్టివి. ఆయన నన్ను "అయివారూ" అని పిలిచేవాడు. మా వైపు బడిపంతుల్ని అట్లా అంటారు. నేను అంతకుముందు నాలుగేళ్లు ఒక బళ్లో ఆటల మాస్టరుగా చేసిన సంగతి ఆయన మరిచిపోలేదు, నన్ను మరిచిపోనివ్వలేదు. నాతోపాటు ఇంకొక కోచ్ ఉండేవాడు. మైదుకూరు దగ్గరి పల్లె, రైతు కుటుంబం, ఒకప్పుడు కుస్తీ పట్టిన ఒళ్లు. నాకన్నా పదేళ్లు చిన్న. పొద్దున్నే తలుపు తీసి, ముందు గడపకు, తర్వాత ఒక్కొక్క మిషన్‌కు దండం పెట్టేవాడు. ఆయన వెనకే నేను ఒక్కొక్క మిషన్ బోల్టు బిగువు చూసుకుంటూ పోయేవాణ్ని. మా ఇద్దరికీ పడదని ఊరంతా అనుకునేది. నిజానికి ఆయన ఇంటినుంచి తెచ్చుకున్న సద్దిలో సగం రోజూ నేనే తిన్నాను.

ఒక్క ఆయుధపూజ దగ్గరే మా దారులు వేరు. మా వైపు ఆ రోజు లారీ, ట్రాక్టరు, కుట్టుమిషన్, వెల్డింగ్ మిషన్, దేన్నీ వదలరు. జిమ్ములో కూడా మిషన్లన్నీ విప్పి, బిళ్ళలు బయటికి తీసి, కిరసనాయిలుతో కడిగి, నూనె రాసి, మళ్లీ పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్లు. ఆ పనంతా మా కుస్తీ మనిషే తల మీద వేసుకునేవాడు. జిమ్ముకు మూడు రోజులు సెలవు. ఇనుముకు బొట్టు పెట్టే చోట నాకు పని లేదని చేరిన ఏడాదే శెట్టికి చెప్పేశాను. అప్పటినుంచి ప్రతి దసరాకూ ఆ మూడు రోజులు జిమ్ము మెట్లెక్కలేదు. ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ని. ఆ సంగతి అడిగినవాడికీ అడగనివాడికీ గర్వంగా చెప్పుకునేవాణ్ని కూడా.

నేను ఉద్యోగం మానేయడానికి నాలుగేళ్ల ముందు, ఒక ఎండాకాలంలో, ఒకామె మా జిమ్ములో చేరింది. నలభై దాటిన మనిషి. కోడుమూరు రూటులో బస్సు కండక్టరు. రోడ్డుకు గేదె అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు కొడితే, ఫుట్‌బోర్డు మీద నిలబడిన ఈమె మోకాలు మెలిపడి కింద పడింది. లోపల లిగమెంటు తెగితే ఆపరేషన్ చేశారు. నా దగ్గరికి వచ్చేనాటికి కర్ర వదిలేసింది గానీ ఎడమ తొడ కుడి తొడలో సగం ఉంది.

డాక్టరు ఆమెకు రెండు మాటలు స్పష్టంగా చెప్పాడు. తొడ కండ బలపడకుండా కదిలే బస్సులో నిలబడితే మోకాలు మళ్లీ జారుతుంది, రెండోసారి జారితే ఇంక బాగుచేయడం కష్టం. ఇది మొదటిది. రెండోది: కుడికాలు కాళ్ల మిషన్ మీద పది బిళ్ళలు పదిసార్లు ఎత్తుతోంది కాబట్టి, ఎడమకాలు తొమ్మిది బిళ్ళలు పదిసార్లు ఎత్తిన రోజు కార్డు తీసుకుని తన దగ్గరికి రావాలి, అప్పుడు ఫిట్‌నెస్ రాసిస్తాడు. ఆయన దగ్గర అలాంటి మిషన్ లేదు. నా కార్డునే నమ్మేవాడు. ఆ నమ్మకం నాకు చాలా ముచ్చటగా ఉండేది.

ఈలోగా డిపోలో ఆమెను విచారణ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఆ పని ఆమెకు ఏమాత్రం నచ్చలేదు.

"పొద్దు పొడిసినప్పటాల నుంచి కిటికీలో మొగం పెట్టుకోని కూర్చోవల్ల సార్. వచ్చినోడల్లా బస్సెప్పుడమ్మా, బస్సెప్పుడమ్మా అని అడుగుతాండాడు. నేను బస్సులో ఉండేదాన్ని. బస్సు యాడుండాదో నన్నడిగితే నేనేం చెప్పేది?"

"కూర్చుని చేసే పనే కదమ్మా, సుఖం కదా" అన్నాను.

"సుఖమైతే నువ్వొచ్చి కూర్చో. నేనీడ అందరితో బిళ్ళలెత్తిస్తా."

దసరా అయ్యాక ఆ నెలాఖరులోపు ఫిట్‌నెస్ తేకపోతే ఇంక కండక్టరు పని లేదని, డిపోలోనే వేరే పనికి శాశ్వతంగా మార్చేస్తామని పై అధికారి కాగితమిచ్చాడు. ఆమె ఆ కాగితాన్ని మడిచి నా కార్డు వెనకాల పెట్టుకుంది.

రెండు బిళ్ళలతో మొదలుపెట్టింది. వారానికి మూడు రోజులు, డ్యూటీ అయ్యాక సాయంత్రం అయిదింటికి ఠంచనుగా వచ్చేది. మూడు, నాలుగు, అయిదు. శ్రావణం వచ్చేసరికి ఏడు. ఎనిమిది దగ్గర ఆగిపోయింది. మూడు వారాలు తొమ్మిదికి పిన్ను పెట్టి చూశాం. నాలుగుసార్లు, అయిదుసార్లు, ఇంక కాలు లేచేది కాదు. పండగ సెలవులు వచ్చేశాయి. "పండగ కాంగానే ఎత్తుతా సూడు సార్" అని పోయింది.

పండగ అయ్యాక నేను జిమ్ముకు వచ్చేసరికి మిషన్లన్నీ పసుపు కుంకుమలతో ఎర్రగా పచ్చగా ఉన్నాయి. ఎప్పటిలాగే తడిగుడ్డ తీసుకుని, విసుక్కుంటూ, చేతులు తగిలే పిడులన్నీ తుడిచాను. కాళ్ల మిషన్లు రెండింటి మీద తెల్లరంగు కూడా కనబడింది. పూజ అలంకారం ఈసారి రంగుల దాకా వచ్చిందని మొహం తిప్పుకున్నాను. ఆ తిప్పుకున్న మొహం ఇంకో రెండు క్షణాలు అక్కడే నిలిపి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ సాయంత్రం ఆమె వచ్చి తొమ్మిదో బిళ్ళకు పిన్ను పెట్టి, ఎడమకాలితో పదిసార్లు ఎత్తేసింది. ఊపు లేదు, ఆగడం లేదు. ఎనిమిది ఎత్తినట్టే ఎత్తింది. ఈ చివరి మాట నాకు ఆ రోజే తోచింది. తోచినదాన్ని మెచ్చుకోలుగా పైకి అన్నాను కూడా. "ఎనిమిది ఎత్తినంత సులువుగా ఎత్తావమ్మా" అన్నాను. దాన్ని ప్రశ్నగా మార్చుకోలేకపోయాను.

కార్డులో తొమ్మిది అని రాసి సంతకం పెట్టాను. ఆమె గురువారానికి డాక్టరు దగ్గర చీటీ రాయించుకుంది.

ఆమె ఒక్కతే కాదు. ఆ రెండు రోజుల్లో వచ్చినవాళ్లంతా కాళ్ల మిషన్ దిగి, తేలిగ్గా ఉంది, తేలిగ్గా ఉంది అనడమే. మా కుస్తీ మనిషి మొహం వెలిగిపోయింది.

"సూసినావాన్నా? ఈసారి శానా నిష్టగా చేసినాం పూజ. అమ్మవారు ఊరకనే పోతాదా?"

"అమ్మవారికి ఇంతమంది తొడల మీద శ్రద్ధ ఎందుకప్పా?" అన్నాను.

"నీకు రుజువు కావల్లంటివి గదా. ఇదో, నీ కార్డులే రుజువు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నా కార్డుల్ని నా మీదికే తిప్పుతాడా? జిమ్ములో ఒక నల్లబోర్డు ఉండేది, వారానికొక వ్యాసం రాసేవాణ్ని దాని మీద. ఆ రోజు కిందిదాకా నింపేశాను. మూడు రోజుల విశ్రాంతితో అలసిన కండరం కోలుకుంటుంది, కోలుకున్న కండరం ఎక్కువ ఎత్తుతుంది, ఇందులో మహిమ లేదు, శరీరధర్మం మాత్రమే ఉంది, కావలసినవాళ్లు గుమ్మడికాయ కొట్టకుండా మూడు రోజులు పడుకుని చూడండి. శెట్టి మెట్లెక్కి వచ్చి రెండు వాదనలూ విని, రెండూ తన వ్యాపారానికి మంచివేనని తేల్చి, "పండగ తర్వాత మా జిమ్ములో అందరికీ బలం పెరిగింది" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

బుధవారం మధ్యాహ్నం జిమ్ము మూసి ఉండే వేళ. బయట ఎండకు రోడ్డు మీద మనిషి లేడు. నేను కార్డులన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. నా ఉద్దేశం సత్యాన్వేషణ కాదు. మా కుస్తీ మనిషిని చిత్తు చేయడం. పండగకు ముందు అంకెలు ఒక వరస, తర్వాతి అంకెలు ఒక వరస రాసి, బోర్డు మీద పెట్టి, విశ్రాంతి సిద్ధాంతాన్ని నిరూపించాలని.

పది కార్డులు రాసేసరికి చెయ్యి ఆగింది. పెరిగినవాళ్లందరికీ సరిగ్గా ఒకే బిళ్ళ పెరిగింది. పాతికేళ్ల పోటీ పహిల్వానుకూ ఒకటే. పేపరు చదువుకోవడానికి మాత్రమే జిమ్ముకు వచ్చే రిటైర్డు గుమాస్తాకూ ఒకటే. ఆయన కార్డులో రెండేళ్లుగా మూడు తప్ప ఇంకో అంకె లేదు, ఇప్పుడు నాలుగు. ప్రకృతి ఇంత సమానంగా ఎవరికీ ఏదీ పంచదు. మనుషులు పంచినప్పుడే అందరికీ ఒకే అంకె వస్తుంది.

మిగతా మిషన్ల కార్డులు తీశాను. ఛాతీ మిషన్ మీద ఎవరికీ ఏమీ పెరగలేదు. భుజాల మిషన్ మీదా అంతే. డంబెల్స్ మీద అసలే లేదు. డంబెల్ బరువు పోతలోనే అచ్చై ఉంటుంది. విశ్రాంతి కాళ్లకే పనిచేస్తుందా? అమ్మవారు నడుముకు పైన కరుణించదా? మా ఇద్దరి సిద్ధాంతాలూ ఆ బల్ల మీదే పడిపోయాయి.

కాళ్ల మిషన్ దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుని బిళ్ళలు చూశాను. తెల్లరంగుతో ముత్యాల్లాంటి అంకెలు. అన్నిటికన్నా పైనున్న బిళ్ళ మీద ఒకటి.

ఆ రెండు మిషన్లకూ పైబిళ్ళ మీద అంకె ఉండేది కాదు. అది పిన్ను ఎక్కడ పెట్టినా లేస్తుంది, అందుకని చేసినవాళ్లు దాన్ని లెక్కలో వేయలేదు. దాని కిందిది ఒకటి. ఇప్పుడు పైదే ఒకటైంది, కిందివన్నీ తలా ఒక అంకె పెరిగాయి. బరువు పెరగలేదు. పాత ఎనిమిదే కొత్త తొమ్మిది.

మా కుస్తీ మనిషి పక్క గదిలో కునుకు తీస్తున్నాడు. లేపి చూపించాను.

"నేనే రాసినా అన్నా. తక్కిన మిషన్లకు నంబర్లు ఇనుములోనే అచ్చుండాయి, ఈ రెండిటికే స్టిక్కర్లు, ఈసారి కిరసనాయిలుకు అన్నీ ఊడిపోయినాయి. మీద బిళ్ళకు నంబరే ల్యాకుండా ఉండె. అన్నిటికన్నా ముందు లేసేది అదే, దానికే నంబరు ల్యాకపోతే ఎట్లన్నా పాపం? అందుకని దాన్నుంచే మొదలుపెట్టినా."

"నాకు చెప్పాలి కదప్పా."

"నువ్వు యాడుంటివి? పూజకు రావు. పండగ కాంగానే చెప్దామనుకుంటే, వచ్చీరాంగానే పసుపు మింద కోపం చేస్తాంటివి. నోరు తెరిస్తే రంగుకు కూడా తిడతావని ఊరకుండిపోతి."

అమ్మవారి మహిమ అని ఆయన అన్నది తప్పు. విశ్రాంతి అని నేను అన్నదీ తప్పు. అయితే రెండు తప్పులూ సమానం కావు. ఆయన తనకు నమ్మకం ఉందని మాత్రమే అన్నాడు. నేను నాకు తెలుసని అన్నాను, అని బోర్డు మీద రాశాను, రాసి ఒక కార్డు మీద సంతకం కూడా పెట్టాను. మర్నాడు ఆ కార్డు డాక్టరు బల్ల మీదికి పోతోంది. దాన్ని నమ్మి ఆయన కాగితం రాస్తే, బలపడని మోకాలితో ఒక మనిషి కిక్కిరిసిన బస్సులో నిలబడుతుంది.

కింద దుకాణంలో శెట్టికి చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఒక్క బిళ్ళే గదా అయివారూ. డాక్టరొచ్చి ఎంచుతాడా? ఆయమ్మ అయిదారు నెలల నుంచి కష్టపడతాండాది. ఇప్పుడు పోయి కాదు అంటే నెలాఖరు దాటిపోతాది, ఉండే పని కూడా పోతాది. డ్యూటీలో ఎక్కినాంక అదే బలమొస్తాదిలే."

ఆయన దుర్మార్గుడు కాడు. ఆ మాటల్లో ఆమె మీద జాలి ఉంది. నా మీద కూడా ఉంది. ఇంకో నిజం కూడా చెప్పాలి. మెట్లెక్కి పైకి వచ్చి, పది నిమిషాల పాటు నేను కూడా ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక్క బిళ్ళ ఎంత బరువు? డాక్టరు గీసిన గీత అంత కచ్చితమా? ఇరవై ఏళ్లుగా ఇతరుల అబద్ధాల్ని చీల్చిన బుర్ర, తన అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఎంత చురుగ్గా పనిచేసిందో అప్పుడు చూశాను. ఆ పది నిమిషాలు నాకు చాలా నేర్పాయి. తర్వాత స్కూటరు తీశాను.

డిపోలో విచారణ కిటికీ ముందు పదిమంది ఉన్నారు. ఆమె నన్ను చూసి నవ్వి, పక్కనున్న తలుపులోంచి లోపలికి రమ్మంది. కుర్చీలో వేసుకునే దూది దిండును అప్పటికే పక్క గుమాస్తాకు ఇచ్చేసినట్టుంది, ఆయన దాని మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం సార్, డిపో దాకా వస్తివి?"

చెప్పాను. చుట్టూ తిప్పకుండా చెప్పాను. పైబిళ్ళ, తెల్లరంగు, పాత ఎనిమిది, కొత్త తొమ్మిది. ఆమె మొహంలోంచి నవ్వు పోవడానికి కొంచెంసేపు పట్టింది.

"నేను తొమ్మిది ఎత్తినా గదా."

"ఎనిమిదమ్మా."

"కార్డులో తొమ్మిదుండాది. నువ్వే రాసినావు."

"నేనే రాశాను. తప్పు రాశాను."

కిటికీలోంచి ఒక ముసలాయన తల వంచి, "కోడుమూరు బస్సెప్పుడు మ్మా?" అన్నాడు.

"నాకే తెలీదు లేప్పా ఇంగ" అంది ఆమె, నా మొహంలోకే చూస్తూ. పక్క గుమాస్తా ఆయనకు టైము చెప్పి పంపాడు.

కోపగించుకుంటుందని సిద్ధపడే పోయాను. గొంతు పెంచలేదు. నెమ్మదిగా, చిల్లర తిరిగి ఇచ్చేటప్పుడు చెప్పినట్టు చెప్పింది.

"మేము స్టేజీ స్టేజీకి తలకాయలు ఎంచుకుంటాం సార్. పోయిన స్టేజీలో నలభై మంది ఉండిరని ఈ స్టేజీలో గూడా నలభై అని రాసుకుంటామా? ఎక్కేవోడు ఎక్కుతాడు, దిగేవోడు దిగుతాడు. పండగపూట నువ్వు బండి దిగి ఇంటికి పోతివి. అది నీ ఇష్టం. మళ్లా ఎక్కినాంక ఒకసారి ఎంచుకోవల్ల గదా. ఎంచకుండా పాత లెక్కే రాస్తే ఎట్ల?"

నేను విన్న హేతువాద ఉపన్యాసాలన్నింటిలో ఇంత చిన్నది, ఇంత పదునైనది ఇంకోటి లేదు.

"కార్డు నీది" అన్నాను. "డాక్టరు దగ్గరికి పోవడం, పోకపోవడం నీ ఇష్టం. నేను మాత్రం దాన్ని దిద్దాలి."

కార్డు తీసి బల్ల మీద పెట్టింది. వెనకాల మడిచిన కాగితం కింద పడితే తీసి దాన్ని కూడా పక్కన పెట్టుకుంది. "కొట్టెయ్. కొట్టేసి పక్కన ఎనిమిది రాసి సంతకం పెట్టు. ఎందుకు కొట్టేసినావో గూడా రాయి. నేను దొంగలెక్క తెచ్చినానని ఆ డాక్టరు అనుకోకూడదు."

రాశాను. గురువారం ఆమె ఆ కార్డే తీసుకుని పోయింది. డాక్టరు చదివి, ఇంకొక నెల గడువు ఇవ్వాలని డిపోకు కాగితం రాశాడు. పై అధికారి మొదట కుదరదన్నాడు. ఆమె రెండు రోజులు ఆయన గది ముందు నిలబడింది, కూర్చోమన్నా కూర్చోకుండా. చివరికి ఇదే కడసారి అని సంతకం పెట్టాడు.

బోర్డు మీద నా వ్యాసం తుడిచేసి, నా తప్పు ఏమిటో అంత పెద్ద అక్షరాలతోనే రాశాను. పేపరు చదివే గుమాస్తా దాని ముందు చాలాసేపు నిలబడి, "రెండేండ్లకు ఒక్క బిళ్ళ పెరిగిందని ఇంట్లో గూడా చెప్పుకుంటి. దాన్ని గూడా పెరికేస్తివే అయివారూ" అన్నాడు. అంకెలు మళ్లీ రాయడానికి మా కుస్తీ మనిషి కుంచె పట్టుకున్నాడు, నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్పాను. పైబిళ్ళను ఖాళీగా వదలడానికి ఆయన ఒప్పుకోలేదు. సున్నా రాశాం. ఇద్దరికీ సమ్మతమైంది. మరుసటి దసరాకు నేను జిమ్ముకు పోయాను. దండం పెట్టలేదు, బొట్టు పెట్టించుకోలేదు. బిళ్ళలు కడిగి తిరిగి పేర్చేదాకా పుస్తకం పట్టుకుని పక్కనే ఉన్నాను. నా సిద్ధాంతంలో ఏమీ మారలేదు. నమ్మని చోటికి పోకపోవడమే పరిశీలన అనుకోవడం మాత్రం మానేశాను. మీలో ఎవరైనా నాలాంటివాళ్లుంటే, పూజ ఎగ్గొట్టండి, నాకు సంతోషం. మిషన్‌ను ఎగ్గొట్టకండి.

ఆ నెల రోజులూ ఆమె వారానికి నాలుగుసార్లు వచ్చింది. ఎనిమిది మీద పన్నెండుసార్లు, తర్వాత పదిహేను. తొమ్మిది మీద ఆరు, ఏడు. నేను తొందరపెట్టలేదు. ఆమె నాతో పెద్దగా మాట్లాడలేదు.

గడువుకు అయిదు రోజుల ముందు, శనివారం పొద్దున, ఆమె మిషన్ మీద కూర్చోకుండా ముందుకొచ్చి నిలబడింది. పిన్ను తీసి చేతిలో పట్టుకుంది.

"నువ్వు చెప్పొద్దు సార్. నేను ఎంచుకుంటా."

వంగి, పైనున్న సున్నా బిళ్ళను వదిలేసి, చూపుడువేలు ఒక్కొక్క బిళ్ళ అంచు మీద పెట్టి, పైనుంచి కిందికి లెక్కపెట్టింది. రంగు అంకెల్ని చూడలేదు, ఇనుమునే తాకుతూ పోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత పిన్ను తనే గుచ్చి, ఊడుతుందేమోనని లాగి చూసి, ఎక్కి కూర్చుంది. మా కుస్తీ మనిషి గోడ మీది అమ్మవారి పటం వైపు తిరిగి చేతులు జోడించాడు. మెట్ల మీద శెట్టి తల కనబడింది.

ఆరు దాకా బాగానే లేచింది. ఏడుకు తొడ వణికింది. ఎనిమిదికి ఆమె కళ్లు మూసుకుంది. తొమ్మిది సగంలో ఆగి, మళ్లీ కదిలి, పైదాకా పోయింది. ఇంక చాలమ్మా అని నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. ఆమె రెండు ఊపిరులు తీసుకుంది. కాలు లేచింది. నెమ్మదిగా, తిన్నగా, చప్పుడు లేకుండా లేచి, అంత నెమ్మదిగానూ దిగింది.

"ఎన్ని?" అంది.

"పది."

"బిళ్ళలు?"

"తొమ్మిది."

"నేను గూడా అంతే ఎంచినా. రాయి."

రాశాను. ఆమె కార్డు తీసుకుని, నేను రాసింది ఒకసారి చదువుకుని, భుజానికున్న సంచీలో పెట్టుకుంది. తర్వాత మెట్లు దిగిపోయింది, గోడ పట్టుకోకుండా.